వాడుక మాటకు వన్నె తెచ్చిన ఆత్రేయ

నెల్లూరు సీమ దక్షిణపు కొసన, పులికాటు సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి ఉన్నది. ఆ పేరు వినగానే నేటి విద్యార్థికి నింగికెగసే రాకెట్లు తలపునకు వస్తాయి. ఆ దీవికి పోదలచినవారు సూళ్ళూరుపేట చేరి, అక్కడినుండి సరస్సు మీదుగా వేసిన బాట పట్టవలె. ఆ సూళ్ళూరుపేట చేరువనే మంగళంపాడు అనే పల్లె ఉన్నది. 2022లో తిరుపతి జిల్లాలో చేరినప్పటికీ, అంతకు ముందు ఆ ప్రాంతమంతా నెల్లూరు జిల్లాలోనిదే. 1921 మే 7వ తేదీన ఆ పల్లెలో కిళాంబి వెంకట నరసింహాచార్యులు జన్మించినాడు. గోత్రనామాన్నే కలంపేరుగా చేసుకొని, ఆచార్య ఆత్రేయగా ఆంధ్రదేశమంతటా ప్రసిద్ధికెక్కినాడు.

నెల్లూరు తిక్కన సోమయాజి నడయాడిన నేల. భారత కథలోని పాత్రలచేత ఇరుగుపొరుగువారు మాట్లాడుకొన్నట్లు మాట్లాడించడం తిక్కనకు వెన్నతో పెట్టిన విద్య. ఏడు వందల ఏండ్ల తరువాత అదే సీమలో పుట్టిన ఆత్రేయకు కావ్యాలు వ్రాయవలెనన్న కోరిక కంటె మనుషులచేత మాట్లాడించవలెనన్న కోరికే మిక్కుటంగా ఉండెను. అందువలననే ఆయన చూపు మొదట రంగస్థలం మీద నిలిచినది.

యౌవనంలో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొన్నాడు. కడుపు నింపుకొనడానికి చిన్న ఉద్యోగాలు చేసినాడు. కాగితాల కట్టల నడుమ గడిపిన ఆ రోజులు వృథా పోలేదు. ఆయనకు పేరు తెచ్చిన ‘ఎన్.జి.ఓ.’ నాటకం గుమాస్తా బ్రతుకును రంగస్థలం మీదకు తెచ్చినది. రాజులు, చక్రవర్తులు రాగాలు తీస్తున్న వేదిక మీద, చాలీచాలని జీతంతో పరువు కాపాడుకొనలేక నలిగిపోయే ఒక చిరుద్యోగి వచ్చి నిలబడి, తన ఇంటి గోడు తన ఇంటి భాషలో చెప్పుకొన్నాడు. చూడవచ్చినవారిలో ఎందరికో అది తమ ఇంటి కథే. 1953లో ఆ నాటకం ‘గుమాస్తా’ పేరుతో చలనచిత్రంగా కూడ వచ్చినది. ‘ఈనాడు’, ‘విశ్వశాంతి’, ‘కప్పలు’, ‘భయం’ మున్నగు నాటకాలు, నాటికలు ఆయన కీర్తిని ఇనుమడింపజేసినవి.

1951లో దర్శకుడు కె.ఎస్. ప్రకాశరావు తన ‘దీక్ష’ చిత్రానికి ఆత్రేయచేత పాటలు వ్రాయించినాడు. నాటకకర్త మద్రాసులో సినిమా కవి అయినాడు. 1955లో పి. పుల్లయ్య తీసిన ‘అర్ధాంగి’కి మాటలు వ్రాయడంతో ఆయన స్థానం స్థిరపడినది. పుల్లయ్య కూడ నెల్లూరు సీమవాడే. అంతవరకు వెండితెర మీద వినిపించే భాష చాలావరకు పౌరాణిక నాటకాల వారసత్వం. ఆత్రేయ మాటలలో అన్వయక్లేశం లేదు. వంటింటిలో ఇల్లాలు ఎట్లా విసుగుకొంటుందో, వరండాలో తండ్రి ఎట్లా గద్దిస్తాడో, ఆ తీరునే పాత్రలు మాట్లాడినవి. అయితే వాడుక మాటలను ఏరి, కుదించి, ఎక్కడ ఆపవలెనో అక్కడ ఆపడంలో గొప్ప నేర్పు ఉన్నది. ఆ నేర్పు ఆయనకు రంగస్థలం నేర్పినదే.

1957లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వాన ‘తోడికోడళ్ళు’ వచ్చినది. కారులో షికారు పోయే ధనవంతురాలి సొగసుకు వెనుక ఎవరి చెమట ఉన్నదో ప్రశ్నించే పాట అందులో ఒకటి కలదు. దానిని శ్రీశ్రీ రచన అని భ్రమపడినవారు ఎందరో. అభ్యుదయ గీతమంటే శ్రీశ్రీయే వ్రాయవలెనన్న నమ్మకం నాడు అంత బలంగా ఉండెను. ఆ పాట ఆత్రేయది. గుమాస్తా కష్టం చూపిన కలానికి శ్రామికుని కష్టం పరాయిది కాదు గదా!

ఆదుర్తి కూర్పరిగా పనిచేసి దర్శకుడైనవాడు. ఎంత చూపవలెనో, ఎక్కడ కోసివేయవలెనో ఎరిగినవాడు. అట్టి దర్శకుని చేతిలో ఆత్రేయ క్లుప్తత రాణించినది. 1964 నాటి ‘మూగ మనసులు’ అందుకు నిదర్శనం. ముళ్ళపూడి వెంకటరమణ కథ. గోదావరి మీద పడవ నడిపే నిరుపేద, జమీందారు గారి అమ్మాయి. నోరు విప్పి చెప్పుకొనడానికి వీలులేని అనురాగం. మాటలు ఆత్రేయ, ముళ్ళపూడి కలిసి వ్రాసినారు. పాటలలో అధికభాగం ఆత్రేయవి. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ ముందు పాట వ్రాయించుకొని, ఆ మాటల నడకను బట్టి బాణీ కట్టేవాడు. ఇది మాటకు దక్కిన గౌరవం. పడవవాని నోట పలికిన వేదాంతం పడవవాని భాషలోనే ఉండడం ఆ పాటల సొబగు. ప్రేక్షకులు ఆత్రేయను మనసు కవి అని పిలుచుకొన్నారు.

ఈ కీర్తికి ఒక నీడ కూడ ఉన్నది. ఆయన త్వరగా వ్రాయడని పరిశ్రమ అంతటా ప్రతీతి. వ్రాయక నిర్మాతలనూ, వ్రాసి ప్రేక్షకులనూ ఏడిపిస్తాడని ఒక చమత్కారం వ్యాపించినది. ఆ జాప్యం వలన నష్టపోయినవారి బాధ నిజమైనదే. దానిని గొప్ప గుణంగా చెప్పనక్కరలేదు. అయితే కఠినమైన సమాసాన్ని నిఘంటువు అందిస్తుంది. అందరి నోట నలిగిన మాటకు క్రొత్త వెలుగు రావలెనంటే ఏ నిఘంటువూ తోడురాదు. ఆయన ఆలస్యంలో కొంత భాగమైనా ఈ వెదకులాటదే.

1961లో ఆయన ‘వాగ్దానం’ చిత్రానికి స్వయంగా దర్శకత్వం వహించినాడు. శరత్ బాబు ‘దత్త’ నవల దానికి ఆధారం. తాను పాటల కవి అయి ఉండి, అందులో కొన్ని పాటలను ఇతర కవులకు ఇచ్చినాడు. హేతువాదియైన శ్రీశ్రీచేత హరికథ వ్రాయించినాడు. తెలంగాణ కవి దాశరథిచేత వ్రాయించిన గీతం నేటికీ వినబడుతున్నది. ఎవరిచేత ఏమి వ్రాయించవలెనో ఎరిగిన రసజ్ఞత ఆయనకు ఉండెను. కాని పాటలు నిలిచినట్లు చిత్రం నిలువలేదు. ఆయన మరల దర్శకత్వం జోలికి పోలేదు. తన మాటను కోసే కత్తెర మరొకరి చేతిలో ఉన్నప్పుడే ఆయన మాట పదునెక్కినదని ఆయన చిత్రాలను వరుసగా చూచినవారికి తోచక మానదు.

తొలి అవకాశమిచ్చిన ప్రకాశరావుతోనే 1971లో ‘ప్రేమనగర్’కు మాటలు, పాటలు వ్రాసి ఘనవిజయం పొందినాడు. సెప్టెంబరు 24న ఆ చిత్రం విడుదలైనది. పక్షం రోజులకు ఆయన పుట్టిన ఊరికి సమీపాననే శ్రీహరికోట తొలి రాకెట్టు నింగికెగసినది.

1978లో కె. బాలచందర్ ‘మరో చరిత్ర’ తీసినాడు. బాలచందర్ కూడ గుమాస్తా కొలువు చేస్తూ నాటకాలు వ్రాసి సినిమాకు వచ్చినవాడే. ఆ చిత్రంలో తెలుగు సరిగా రాని తమిళ యువకుడు తెలుగు పిల్లను మెప్పించడానికి పాడే పాటను, ఆత్రేయ కేవలం తెలుగు చిత్రాల పేర్లనే పూలవలె గ్రుచ్చి కట్టినాడు. సినిమాను వలచినవాడు సినిమాకు సమర్పించిన దండ అది. అరువది ఏడవ ఏట, 1988లో, ‘అభినందన’ కోసం ఆయన వ్రాసిన విరహ గీతాలను యువకులు తమవిగా పాడుకొన్నారు. 1989 సెప్టెంబరు 13న ఆత్రేయ కన్నుమూసినాడు.

సినిమా ఆయనను రంగస్థలానికి దూరం చేసినది. ‘ఎన్.జి.ఓ.’ వ్రాసిన చేయి మరిన్ని నాటకాలు వ్రాసి ఉండినచో తెలుగు నాటకం మరింత సంపన్నమయ్యెడిది. ఆ లోటు లోటే. కాని నాటకశాలకు పోలేని కూలివానికీ, పుస్తకం చదువలేని ఇల్లాలికీ తెలుగు మాటలోని శక్తిని వినిపించినది ఆ సినిమా పాటయే. ఉపాధ్యాయులు ఆయన పాట నొకదానిని తరగతిలో నల్లబల్ల మీద వ్రాసి, అర్థం తెలియని మాట ఏదైనా ఉన్నదేమో విద్యార్థులను అడిగి చూడవచ్చును. బహుశః ఒక్కటీ ఉండదు. అటువంటి మాటలతోనే ఒక పేరా వ్రాయమని పిమ్మట చెప్పినచో, అది ఎంత కష్టమో విద్యార్థికి తెలిసివస్తుంది. ఆత్రేయ విలువా తెలిసివస్తుంది.