డాక్టరు అన్నా సారా కుగ్లరుగారి జీవితము

మహనీయుల చరిత్రములు చదువుటయన్న వారు గెలిచిన యుద్ధములను, కట్టించిన కోటలను లెక్కించుటయే యని పలువురు తలంతురు. పురిటిగది తలుపు వెనుక ప్రతిదినమును జరుగు యుద్ధమును ఎవరును చరిత్రలో వ్రాయరు. రాజుగాని, రైతుగాని, ఉపాధ్యాయుడుగాని, విద్యార్థిగాని, తల్లి ప్రాణమును పణముగా నొడ్డకుండ లోకములోనికి వచ్చినవాడు లేడు. ఒకప్పుడు మన ఆంధ్రదేశమున అనేకులగు తల్లులు, కాపాడదగిన ప్రాణములు కాపాడబడక, ఆ గదిలోనే అసువులు బాసిరి. అట్టివారి కొఱకు సముద్రము దాటి వచ్చి, గుంటూరునందు తమ జీవితమును వెచ్చించిన డాక్టరు అన్నా సారా కుగ్లరుగారి కథను మేము ఈ సంచికలో చదువరుల యెదుట నుంచుచున్నాము.

వీరు 1856వ సంవత్సరము ఏప్రిలు నెల 19వ తేదీన అమెరికా దేశమునందలి పెన్సిల్వేనియా రాష్ట్రములో ఆర్డ్‌మోరు అను ఊర జన్మించిరి. స్త్రీలు వైద్యము నేర్చుట ఆ కాలమున అచ్చటి వారికిని వింతగానే తోచెడిది. అయినను 1850లోనే ఫిలడెల్ఫియా నగరమున స్త్రీల కొఱకు ప్రత్యేకముగా ఒక వైద్యకళాశాల స్థాపింపబడియుండెను. కుగ్లరుగారు ఆ కళాశాలయందు చదివి 1879లో పట్టము పొందిరి. మహారాష్ట్ర దేశపు వనితయగు ఆనందీబాయి జోషీగారు 1886లో పట్టము పొందినదియు ఈ కళాశాలయందే. 1883లో ఆనందీబాయిగారు వైద్యము నేర్చుటకై పడమటికి ఓడ నెక్కగా, అదే సంవత్సరమున కుగ్లరుగారు వైద్యము చేయుటకై తూర్పునకు ఓడ నెక్కిరి.

అయితే వారు వైద్యురాలిగా పంపబడలేదు. మన దేశమున నున్న మిషనరీ ఆడం రో దొరగారు, ఇచ్చటి స్త్రీలకు స్త్రీ వైద్యులు ఎంత యవసరమో తెలుపుచు వీరికి ఉత్తరము వ్రాసియుండిరి. కుగ్లరుగారు లూథరను సంఘపు స్త్రీల సమాజమువారికి విన్నవించుకొనగా, వైద్యపు పని నారంభించుటకు వారింకను సిద్ధపడియుండలేదు. బోధకురాలిగా పోవచ్చునని మాత్రము సెలవిచ్చిరి. వారు దానికే సమ్మతించి, 1883వ సంవత్సరాంతమున గుంటూరు చేరి, బాలికల పాఠశాలలలోను, ఘోషా స్త్రీల యిండ్లలోను విద్య నేర్పుట కారంభించిరి. కాని వైద్యురాలు ఊరనున్నదని తెలిసినపిమ్మట రోగులు ఊరకుందురా? మొదటి సంవత్సరములోనే నాలుగువందలకు పైగా రోగులకు వారు చికిత్స చేసిరి. 1885లో సమాజమువారు వారిని వైద్యమిషనరీగా నియమించిరి.

ఆనాటి స్థితి యెట్టిదో మన చదువరులు తెలిసికొనవలెను. గౌరవ కుటుంబముల స్త్రీలు పరపురుషుని కంట పడరాదు. కావున పురుష వైద్యుడు నాడిని చూచుటయే కష్టము, ప్రసవ సమయమున గదిలోనికి వచ్చుట అసంభవము. పురుడు పోయుట మంత్రసాని పని. ఆమెకు అనుభవ ముండవచ్చును, దయ యుండవచ్చును; శరీరము లోపల నేమి జరుగుచున్నదో మాత్రము ఆమెకు ఎవరును నేర్పలేదు. పురిటిగది మైలగది యగుటచే, ఇంటిలో చీకటియైన మూలయు, పనికిరాని పాతగుడ్డలును బాలెంతరాలి పాలయ్యెడివి. కాన్పు సుఖముగా జరిగిన సరి; జరుగనిచో విధి వ్రాత యనుకొనుచుండిరి.

కుగ్లరుగారు కళాశాలలో నేర్చిన విద్య యేదియో, దానివలన ప్రాణములెట్లు నిలుచునో సంగ్రహముగా చెప్పెదము. ఇది సిగ్గుపడవలసిన విషయము కాదు. గుండెను గూర్చియు, ఊపిరితిత్తులను గూర్చియు చదివినట్లే దీనిని చదువవలెను. స్త్రీ పొత్తికడుపులో గర్భాశయమను కండరపు సంచి కలదు. అది తలక్రిందులుగా నుంచిన బేరిపండు ఆకారమున, సుమారు 3 అంగుళముల పొడవుండును. దాని కిరుప్రక్కల బాదంకాయంత పరిమాణముగల అండాశయములు రెండు కలవు. వానినుండి సామాన్యముగా నెలకొక అండము వెలువడి, గర్భనాళము గుండ గర్భాశయము వైపు పోవును. పురుషుని వృషణములలో పుట్టిన శుక్రకణము ఆ నాళమునందు అండముతో కలసినచో గర్భము కలుగును. కలియనిచో, గర్భాశయపు లోపలి పొర రక్తముతో కూడి వెలుపలికి పోవును. నెలసరి యనునది ఇదియే. ఇందు దోషమును లేదు, అపవిత్రతయు లేదు.

గర్భము నిలిచినపుడు గర్భాశయపు గోడనంటి మావి పెరుగును. తల్లి రక్తమును శిశువు రక్తమును అందు ఒకదాని ప్రక్కనొకటి ప్రవహించునే కాని కలియవు. ఆహారమును, ప్రాణవాయువును పలుచని పొర గుండ బొడ్డుత్రాడు ద్వారా శిశువునకు అందును. కడపటి నెలసరి మొదటి దినము మొదలుకొని సుమారు 280 దినములు నిండిన పిదప కండరములు ముడుచుకొని శిశువును వెలుపలికి త్రోయును. అవియే పురిటి నొప్పులు. మావి జారినపిమ్మట గర్భాశయము గట్టిగా బిగిసికొనవలెను. అట్లు బిగిసినప్పుడే తెగిన రక్తనాళములు మూసికొనును. బిగియనిచో కొలది నిమిషములలోనే రక్తస్రావముచే తల్లి మరణింపవచ్చును. ఇది తెలిసినవారు పొత్తికడుపును చేతితో మర్దించి గర్భాశయమును బిగియజేయుదురు. తెలియనివారు చూచుచు ఏడ్చెదరు. తెలివికిని తెలియమికిని గల భేదము ఇచ్చట ఒక నిండుప్రాణము.

రెండవ శత్రువు సూతికా జ్వరము. వియన్నా నగరమున సెమ్మెల్‌వైసు అను వైద్యుడు, పురుడు పోయువారు చేతులను సున్నపు క్లోరిను నీటితో కడిగికొన్నచో ఆ జ్వరము మిక్కిలి తగ్గునని 1847లో కనిపెట్టెను. ఆయన జీవించియుండగా అనేకులు ఆ మాట నంగీకరింపలేదు. మూడవది శిశువునకు వచ్చు ధనుర్వాతము. మలినమైన కత్తితో బొడ్డు కోయుటచేతను, గాయముపై పేడ, బూడిద అద్దుటచేతను అది పుట్టును. పరిశుభ్రమైన చేతులు, కాచిన కత్తి, ఉతికిన గుడ్డ, ఈ మూడింటి విలువ ఎంతయో దీనినిబట్టి గ్రహింపుడు. మన దేశమున తల్లులకును శిశువులకును వచ్చు ధనుర్వాతము నిర్మూలింపబడెనని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ప్రకటించినది 2015లో మాత్రమే.

కుగ్లరుగారు 1886లో గుంటూరునందు మందులిచ్చు స్థలము నొకదానిని తెరచిరి. సెలవుపై స్వదేశమునకు పోయినపుడును విశ్రమింపక, ఆసుపత్రి కొఱకు ద్రవ్యము ప్రోగుచేసిరి. 1898లో స్త్రీలకును శిశువులకును ఉద్దేశింపబడిన ఆసుపత్రి గుంటూరున తెరువబడెను. కాథరీను ఫాసు అను నర్సుగారు వచ్చి, మన దేశపు యువతులకు పరిచర్య నేర్పిరి. మేము దీనిని ముఖ్యకార్యముగా నెంచుదుము. ఏలయన ఒక వైద్యురాలు ఒక పురిటిగదిలో మాత్రమే యుండగలదు, ఆమె నేర్పిన పదిమంది పది గదులలో నుండగలరు. సర్వకులముల వారును, సర్వమతముల వారును అచ్చటికి వచ్చిరి. ఏలూరు రాజావారు రోగుల బంధువులు దిగుటకై ఒక సత్రమును కట్టించిరి. ప్రభుత్వమువారు కుగ్లరుగారికి కైజరు-ఇ-హింద్ పతకమునిచ్చి గౌరవించిరి.

మఱియొక సంగతి చెప్పక విడువరాదు. వరుసగా ఆడపిల్లలు పుట్టినందుకును, పిల్లలు కలుగనందుకును కోడలిని నిందించుట మన యిండ్లలో చిరకాలపు ఆచారము. ఎందఱో స్త్రీలు దీనివలన పుట్టింటికి పంపబడిరి, సవతిపోరు పడిరి. శరీరశాస్త్రము ఈ నిందను కొట్టివేయుచున్నది. శిశువు ఆడదియో మగవాడో నిర్ణయించు క్రోమోసోము తండ్రి శుక్రకణమునుండి వచ్చును గాని తల్లి అండమునుండి కాదు. పురుగులను పరిశీలించి 1905లో ఈ రహస్యమునకు దారి చూపిన నెట్టీ స్టీవెన్సుగారును స్త్రీయే. ఆమె పనిచేసిన బ్రిన్‌మారు కళాశాల కుగ్లరుగారి జన్మస్థలమగు ఆర్డ్‌మోరునకు సమీపముననే యున్నది. సంతానము కలుగకుండుటకు కారణము స్త్రీయందు ఉండవచ్చును, పురుషునియందును ఉండవచ్చును. పరీక్షింపక ఒకరిపై దోషము మోపుట అన్యాయము.

కుగ్లరుగారు 1930వ సంవత్సరము జూలై నెల 26వ తేదీన, తాము కట్టించిన ఆసుపత్రియున్న ఆ గుంటూరునందే కన్నుమూసిరి. అనంతరము ఆ ఆసుపత్రికి వారి పేరే పెట్టబడెను. వారు వివాహమాడలేదు, బిడ్డలను కనలేదు. అయినను వారి చేతులమీదుగా లోకమును చూచిన బిడ్డలు మన తెలుగుసీమలో ఎందఱో కలరు.

మన పెందుర్తినుండి విశాఖపట్టణము పోవువారికి, 1923లో తెరువబడిన కింగ్ జార్జి ఆసుపత్రియు, ఘోషాసుపత్రి యని ప్రజలు పిలుచు విక్టోరియా ఆసుపత్రియు తెలియనివి కావు. స్త్రీలు ఏ కారణముచే వైద్యమునకు దూరమైరో ఆ రెండవ పేరే చెప్పుచున్నది. నేడు ఘోషా పోయినది. కాని సిగ్గు అను మఱియొక తెర ఇంకను వ్రేలాడుచున్నది. బాలికలు తమ బాధను తల్లితోనైన చెప్పక దాచుకొందురు. బాలురు ఈ పాఠము వచ్చినపుడు తలవంచి నవ్వుకొందురు. విద్యార్థులారా, ఆ నవ్వును విడువుడు. రేపు మీరు భర్తలును, తండ్రులును, అత్తమామలును కాబోవుచున్నారు. గర్భిణిని వేళకు ఆసుపత్రికి తీసికొనిపోవుటయో, ఇంటనే ఆలస్యము చేయుటయో మీ మాటపై నుండును. ఆ దినమున మీరు సరియైన మాట పలుకుటకే ఈ పాఠము. అట్లు పలికినచో కుగ్లరుగారి శ్రమలో మీకును పాలు కలుగును.