బైయెరింక్ పండితుడు

పైరునకు తెగులు సోకినంతనే మందు వెదకుట రైతునకు సహజము. పురుగు పట్టినచో మందు కలదు. బూజు పట్టినచో మందు కలదు. కాని మినుమునకు వచ్చు పల్లాకు తెగులు, వేరుసెనగకు వచ్చు మొవ్వకుళ్లు, పొగాకునకు వచ్చు మొజాయిక్ తెగులు సోకిన పిమ్మట ఆ మొక్కను పొలమున మాన్పగల మందు నేటివరకు లేదు. ఇవన్నియు వైరసు తెగుళ్లు. మొదటి రెంటిని మోసికొనివచ్చు తెల్లదోమను, తామరపురుగును చంపవచ్చును గాని, మొక్కలో జొచ్చిన వైరసును చంపజాలము. ఇట్లేల యగుచున్నదో తెలిసికొనగోరువారు హాలెండు దేశీయుడైన మార్టినస్ విల్లెం బైయెరింక్ పండితుని చరిత్ర నెరుగుట యవసరము. ఆయన పేరు శాస్త్రజ్ఞులలో సుప్రసిద్ధము. మన భూస్వాములలో నంతగా వినబడదు. అందుచే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బైయెరింక్ 1851 మార్చి 16వ తేదీన ఆంస్టర్డామ్ నగరమున జన్మించెను. తండ్రి పొగాకు వర్తకుడు. వ్యాపారము చెడి కుటుంబము దారిద్ర్యము పాలయ్యెను. అయినను బాలుని చదువు నిలువలేదు. డెల్ఫ్టు పట్టణమున రసాయనశాస్త్ర మభ్యసించి 1872లో పట్టము పొందెను. తరువాతి కాలమున రసాయనశాస్త్రమున ప్రథమ నోబెల్ బహుమాన మందిన వాంట్ హోఫ్ అచ్చట ఆయనకు సహవాసి. 1877లో లైడెన్ విశ్వవిద్యాలయమున, మొక్కలపై పుట్టు బుడిపెలను గూర్చి వ్యాసము వ్రాసి డాక్టరు బిరుదము గాంచెను. అప్పటికే వాగెనింగన్ వ్యవసాయ పాఠశాలలో ఉపాధ్యాయుడై యుండెను.

ఆ ప్రాంతమున పొగాకు పండించు రైతులు కలరు. వారి తోటలలో ఆకులపై లేత పసరు, ముదురు పసరు మచ్చలు కలగలుపుగా పుట్టి, ఆకు ముడుతపడి, సరకు వెల పడిపోవుచుండెను. ఆ పాఠశాలయందే యున్న అడాల్ఫ్ మేయర్ దీనిని పరిశోధించి, రోగపు ఆకు రసము నెక్కించినచో మంచి మొక్కకును తెగులు వచ్చునని కనుగొని, దానికి మొజాయిక్ అని పేరిడి 1886లో ప్రకటించెను. అది సూక్ష్మజీవుల పనియే యని యాయన యూహ. బైయెరింక్ ఆ సూక్ష్మజీవిని ఎంత వెదకినను అది కానరాలేదు. కానరానిదానిని కానవచ్చినట్లు చెప్పుట ఆయన స్వభావము కాదు. ప్రశ్నను మనసున నుంచుకొని వేచియుండెను.

1885లో ఆయన డెల్ఫ్టునందలి యొక ఈస్టు కర్మాగారమున పరిశోధకుడుగా చేరెను. 1888లో పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలో వసించు సూక్ష్మజీవులను వేరుచేసి పెంచెను. మినుము, పెసర వేసిన చేను బలపడునని మన పెద్దలు అనుభవముచే నెరిగినదానికి కారణ మీ జీవులే. గాలిలోని నత్రజనిని మొక్కకు సమకూర్చునవి అవియే. 1895లో డెల్ఫ్టు విద్యాలయమున ఆచార్యపదవి లభింపగా, పాత ప్రశ్నను మరల చేపట్టెను.

రోగపు ఆకుల రసమును ఏ సూక్ష్మజీవియు దూరజాలని పింగాణి వడపోతగొట్టమునుండి వడగట్టెను. వడిసిన రసములో సూక్ష్మజీవు లేవియు పెరుగలేదు. అయినను దానిని మొక్కలోని కెక్కింపగా తెగులు వచ్చెను. ఆ మొక్క రసమును మరియొకదాని కెక్కించెను. దాని రసమును వేరొకదాని కెక్కించెను. తెగులు బలము తగ్గలేదు. విషమైనచో పంచినకొలది పలుచనగును. ఇది పెరుగుచున్నది, కావున విషము కాదు. మరియు నిది పెరుగుచున్న లేత భాగములలోనే వృద్ధి యగుటయు, మొక్కకు వెలుపల నెచ్చటను వృద్ధి కాకుండుటయు ఆయన గమనించెను. కణముయొక్క జీవవ్యాపారములోనే కలసిపోయి వృద్ధియగు సజీవ ద్రవమిదియని 1898లో ప్రకటించెను. రుష్యా దేశీయుడైన ఇవనోవ్‌స్కీ 1892లోనే వడపోత ప్రయోగము చేసియుండెనని తరువాత తెలియగా, ఆ ప్రాథమ్యమును బహిరంగముగా నంగీకరించెను. పండితులలో నిట్టి ఋజుత్వ మరుదు.

ద్రవమన్న మాట నిలువలేదు. 1935లో అమెరికాయందు స్టాన్లీ ఈ వైరసును స్ఫటికరూపమున వేరుచేసెను. 1939లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో నది సన్నని కడ్డీవలె కానవచ్చెను. కాని కణములో కలసియే వృద్ధియగునను మాట నేటికిని నిలిచియున్నది. మందు లేకుండుటకు కారణ మదియే. శత్రువు మొక్క పనిముట్లతోనే తన సంతతిని చేసికొనుచుండగా, శత్రువును కొట్టు దెబ్బ మొక్కకును తగులును.

కావున రక్షణ మొక్కలోనే యుండవలెను. పొగాకునకు చుట్టమైన నికోటియానా గ్లూటినోసా యను జాతిలో అట్టి శక్తి కలదు. వైరసు జొచ్చిన చోటి కణములు తమంత తాము చచ్చి, చిన్న మచ్చగా మాడి, శత్రువు నచ్చటనే బంధించును; తక్కిన మొక్క బ్రతుకును. ఈ శక్తి ఒకే జన్యువుచే తల్లిదండ్రులనుండి సంతతికి వచ్చును. దానిని హోమ్స్ 1938 నాటికి సంకరముచే సాగుపొగాకులోనికి తెచ్చెను. 1994లో ఆ జన్యువును శాస్త్రజ్ఞులు వేరుచేసి చూచిరి. అయినను వేడిమి 28 డిగ్రీల సెంటిగ్రేడును మించినచో నీ శక్తి సడలును. ఒక్క కోటను నమ్మి కూర్చుండరాదని దీని భావము.

బైయెరింక్ వివాహమాడలేదు. శిష్యులయెడ కఠినుడు. 1921లో ఉద్యోగము విరమించి గోర్సెల్ గ్రామమున సోదరీమణులతో కాపురముండి, 1931 జనవరి 1వ తేదీన మరణించెను. తాను వెదకినదాని రూపమును చూడకయే పోయెను.

హాలెండు చిన్న దేశము. అయినను తన రైతుల తెగులును తన పాఠశాలలోనే పరిశోధించుకొనెను. గుంటూరు మండలమున పొగాకు ప్రబలిన పిమ్మట, 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయము వెలసినది. ఇట్టి సంస్థలకు భూస్వాములు తోడుపడవలెను. తెగులు తట్టుకొను వంగడములను పరీక్షించుటకు కొంత భూమి నీయవలెను. పనికిరావని పాతవిత్తనములను, గడ్డిమొక్కలని అడవిజాతులను నశింపనీయరాదు. రేపటి రక్షణ వానిలో నుండవచ్చును. ఎండిన పొగాకులోను మొజాయిక్ వైరసు ఏండ్ల తరబడి నిలుచును గనుక, నారుమడిలో పనివారు చుట్ట త్రాగకుండునట్లును, సబ్బుతో చేతులు కడుగుకొనునట్లును చూడవలెను. రోగపు మొక్కను తొలినాడే పెరికివేయవలెను. సోకినపిమ్మట మందు లేని తెగులునకు ముందుచూపే మందు.