కొండబిడ్డల పలుకే ఉపాసనగా... గిడుగు రామమూర్తి పంతులు

అశోకవనంలో శింశుపా వృక్షం ఆకుల మాటున కూర్చున్న హనుమంతునికి పెద్ద ధర్మసంకటం ఎదురైంది. నూరు యోజనాల సముద్రాన్ని లంఘించిన మహావీరుడు, కింద కన్నీరు కారుస్తున్న సీతమ్మతో మొదటి మాట ఎలా పలకాలా అని ఆలోచనలో పడ్డాడు. పండితునివలె సంస్కృతంలో మాట్లాడితే, రావణుడే మారురూపంలో వచ్చాడని ఆ తల్లి బెదిరిపోవచ్చు. ఆమె కేక వేస్తే రాక్షసులు చుట్టుముడతారు, వచ్చిన కార్యం చెడుతుంది. అందుకే ఆ నవవ్యాకరణవేత్త తన పాండిత్యాన్ని పక్కన పెట్టి, సామాన్య మానవుల పలుకులో, మెల్లని మధురస్వరంతో రామకథను ఎత్తుకున్నాడు. వినేది ఎవరు, చెప్పేది ఎందుకు, ఏ స్వరంతో చెప్పాలి? ఈ మూడూ ఆలోచించి పలికిన మాట కనుకనే అది సీతమ్మకు ప్రాణం పోసింది.

భగవద్గీత పదిహేడవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ తపస్సును మూడు విధాలుగా విభజించి, వాటిలో ఒకటి వాక్కుతో చేసే తపస్సు అని బోధించాడు. ఎదుటివారి మనసును కలతపెట్టనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది అయిన మాట పలకడమే ఆ తపస్సు. అడవికి పోకుండా ఇంట్లోనే ఉండి చేయగల తపస్సు ఇది. అయితే ఈ తపస్సు కోసమే కొండలెక్కి, అడవుల్లో తిరిగి, తన దేహాన్నే పణంగా పెట్టిన మహనీయుడు ఒకరు మన ఉత్తరాంధ్రలో జన్మించారు. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి పంతులు.

మధుకేశ్వరుని నీడలో

రామమూర్తి 1863 ఆగస్టు 29న వంశధారా తీరాన, శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువనున్న పర్వతాలపేట గ్రామంలో వెంకమ్మ, వీరరాజు దంపతులకు జన్మించారు. ఆ క్షేత్ర మహిమ తెలియని భక్తులు కళింగసీమలో అరుదు. శాపవశాన శబరులై పుట్టిన గంధర్వులకు ఇప్పచెట్టులో శివుడు ముఖరూపంతో దర్శనమిచ్చాడని స్థలపురాణం చెబుతుంది. సంస్కృతంలో మధూకమంటే ఇప్ప. అందుకే స్వామి మధుకేశ్వరుడయ్యాడు. కొండజాతివారి వాకిట వెలసిన దేవుని సన్నిధిలో పుట్టిన బాలుడు, పెరిగి పెద్దవాడై ఆ కొండజాతివారి పలుకుకే జీవితాన్ని ధారపోయడం దైవసంకల్పమని భక్తులు భావిస్తే ఆశ్చర్యం లేదు.

బాల్యంలోనే తండ్రి కన్నుమూశారు. విజయనగరంలో చదువుకునే రోజుల్లో గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులై, మరుసటి సంవత్సరం పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పై రూపాయల జీతానికి ఉపాధ్యాయులుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే స్వయంకృషితో చదివి 1896లో బి.ఎ. పట్టం పొందారు. ముఖలింగ దేవాలయంలోని ప్రాచీన శాసనాలను తనంత తానుగా చదవడం నేర్చి, వాటిపై పరిశోధన వ్యాసాలను ఆంగ్ల పత్రికలలో ప్రచురించారు. అవి దేశ విదేశాల పండితుల కోసం రాసినవి కనుక పండితుల భాషలోనే, ప్రమాణాలతో రాశారు. ఎవరికోసం రాస్తున్నామన్న ఎరుక ఆయనకు ఆనాటి నుంచే ఉంది.

వినడంతో మొదలైన విద్య

అరకు లోయ నుంచి ఉత్తరాన మహేంద్రగిరి వరకు సాగిన తూర్పు కనుమలలో ఎన్నో గిరిజన తెగలు, ఎన్నో భాషలు. వాటిలో సవర భాష తెలుగుకు గాని ఒడియాకు గాని చెందినది కాదు. అది ముండా కుటుంబానికి చెందిన పలుకు. అరకు ప్రాంతపు గదబలు మాట్లాడే గుతోబ్ దీనికి దగ్గరి చుట్టం. రామాయణంలోని శబరిమాతను తమ ఇంటి ఆడబిడ్డగా తలచుకునే జాతి సవరలది. అటువంటివారి పిల్లలకు అక్షరం నేర్పే బడి లేదు. ఉన్నా, వారికి అర్థమయ్యే మాటలో చెప్పే గురువు లేడు.

రామమూర్తి పంతులు ఆ లోటును గుర్తించారు. గురువు శిష్యుని వద్దకు దిగిరావాలని నిశ్చయించుకున్నారు. తెలుగు, సవర రెండూ తెలిసిన వ్యక్తిని తన ఇంటనే ఉంచుకొని, ఆయన ముందు శిష్యునిగా కూర్చున్నారు. ఆ కాలంలో అగ్రవర్ణ గృహస్థు ఇంత సాహసం చేయడం సామాన్య విషయం కాదు. కొండపల్లెలకు స్వయంగా వెళ్లి పాటలు, కథలు విన్నారు. సవరలో కర్మపదం క్రియాపదంలోనే ఒదిగిపోయి, మనం రెండు మూడు మాటల్లో చెప్పే సంగతి ఒక్క మాటలో ఇమిడిపోవడం కద్దు. గొంతులో శ్వాస క్షణకాలం ఆగి పుట్టే ధ్వనికి తెలుగు లిపిలో అక్షరమే లేదు. ఇటువంటివి పుస్తకాలు చూసి నేర్చుకోగలిగినవి కావు. చెవి ఒగ్గి వినవలసిందే.

సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు రాశారు. సొంత సొమ్ముతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం 1913లో బిరుదునిచ్చి గౌరవించింది. పండితలోకం కోసం ఆంగ్లంలో రచించిన సవర వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను అచ్చయ్యాయి. పిల్లవాని కోసం రాసినప్పుడు చేయి పట్టి నడిపించే మాట, శాస్త్రజ్ఞుని కోసం రాసినప్పుడు కొలిచి తూచిన మాట. ఆ రెండూ ఒకే కలం నుంచి వెలువడ్డాయి.

ఈ తపస్సుకు ఆయన చెల్లించిన మూల్యం తలచుకుంటే కన్ను చెమరుస్తుంది. అడవుల్లో తిరిగినప్పుడు మన్యపు జ్వరాలు పీడించాయి. వాటికి వాడిన క్వినైన్ ప్రభావంతో వినికిడి దెబ్బతిన్నది. చెవితో ఒక జాతి హృదయాన్ని అందుకోబోయిన మనిషి, ఆ ప్రయత్నంలోనే చెవిని కోల్పోయారు. అయినా పని ఆపలేదు.

పండితుల ముంగిట

1911లో ఉద్యోగ విరమణ చేసేనాటికే ఆయన దృష్టి తెలుగు వైపు మళ్లింది. సవర బిడ్డకు తన పలుకులో చదువు హితమైనప్పుడు, తెలుగు బిడ్డకు మాత్రం ఎందుకు కాదు? ఇంట వినిపించే శిష్టుల తెలుగు ఒకటి, బడి పుస్తకంలోని తెలుగు మరొకటి అయితే పిల్లవాడు అర్థం మాని వల్లె వేయడమే నేర్చుకుంటాడని ఆయన వాదించారు. ఆ వాదాన్ని జనంలోకి తీసుకువెళ్లేందుకు 1919లో ‘తెలుగు’ అనే పత్రిక నడిపారు.

పండితులతో తలపడినప్పుడు మాత్రం ఆయన వారి ఆయుధాలనే చేపట్టారు. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలపాటు ప్రసంగించి, గ్రంథాలలోని ప్రయోగాలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపారు. ప్రమాణం కోరేవారికి ప్రమాణమే చూపాలని ఆయనకు తెలుసు. వాదం వేడెక్కిన వేళల్లో ఆయన కలం పదునుగా కూడా నడిచింది. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అన్న గ్రంథం పేరులోనే ఆ చురుకు కనబడుతుంది. ప్రియమూ హితమూ ఒకే మాటలో ఒదగడం ఎంత కష్టమో, వాక్కును తపస్సుగా సాగించిన ఆ మహనీయుని జీవితమే మనకు చెబుతున్నది. అయితే ఆ పదును వెనుక స్వార్థం లేదు, చదువుకోలేకపోతున్న పసివాని మీది జాలి ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. అర్ధశతాబ్దికి పైగా గడిపిన ఊరిని విడిచి, డెబ్బై రెండేళ్ల వయసులో ఆయన రాజమహేంద్రవరం చేరారు. అదే సంవత్సరం ఒడిశా సవర కొండల్లో మంగే గొమాంగో సవర భాషకు ప్రత్యేక లిపిని రూపొందించారు. ఆ అక్షరాలను దైవస్వరూపంగా పూజించే సవరలు నేటికీ ఉన్నారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పంతులుగారిని కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1940 జనవరి 22న ఆయన పరమపదించారు. ఆయన పుట్టినరోజును మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

మన ఇళ్లలో పిల్లలకు పురాణకథ చెప్పేటప్పుడు, వృద్ధులైన తల్లిదండ్రులకు బదులిచ్చేటప్పుడు, ఇంట పనిచేసేవారిని పిలిచేటప్పుడు పంతులుగారి జీవితాన్ని ఒక్కసారి స్మరించుకోవాలి. నోరు విప్పే ముందు ఎదుటివారి చెవితో ఒకసారి విని చూసుకోవాలి. అశోకవనంలో ఆంజనేయుడు అనుసరించిన మార్గమదే. సవర కొండల్లో రామమూర్తి పంతులు నడిచిన బాట కూడా అదే.