వీధులు మారినా.. ఆగని వెంగమాంబ హారతి

తిరుమల: శ్రీవారి ఆలయాన్ని ఆనుకొని ఉన్న తిరుమల పట్టణం గత యాభై ఏళ్లలో ఆనవాలు పట్టలేనంతగా మారిపోయింది. మాడవీధుల్లో ఒకప్పటి ఇళ్లు లేవు. దుకాణాలతో కిటకిటలాడిన సన్నిధి వీధి లేదు. మహాద్వారానికి ఎదురుగా శతాబ్దాల పాటు నిలిచిన వేయికాళ్ల మండపం 2003లో కనుమరుగైంది. ఇన్ని మార్పుల నడుమ ఒక పేరు మాత్రం నిత్యం వేలాది మంది నోట వినిపిస్తోంది. దర్శనం ముగించుకొని భోజనశాలకు దారి అడిగే ప్రతి భక్తుడికీ స్థానికులు చెప్పే పేరు తరిగొండ వెంగమాంబ. భవనంగా ఆ పేరు తెలిసినవారిలో, ఆ మనిషి ఎవరో ఎరిగినవారు కొందరే. ఆమె బృందావనం ఇదే కొండపై, ఆలయానికి ఉత్తర దిశలో, ఒక పాఠశాల ఆవరణలో ఉన్నదని తెలిసినవారు మరీ తక్కువ. బతికినంత కాలం గూడు మారుతూ వచ్చిన ఆ కవయిత్రి, తిరుమల నిత్యకృత్యాల్లో మాత్రం చెదరని చోటు సంపాదించుకున్నారు.

తరికుండ వెలసిన ఊరు

వాయల్పాడు సమీపంలోని తరిగొండ గ్రామంలో 1730లో వెంగమాంబ జన్మించారు. తండ్రి కానాల కృష్ణయ్య, తల్లి మంగమాంబ. నందవరీక బ్రాహ్మణ కుటుంబం. ఊరికి ఆ పేరు రావడం వెనుక ఒక స్థలపురాణం ఉంది. పూర్వం ఒక ఇల్లాలు మజ్జిగ చిలుకుతుండగా కవ్వానికి ఏదో అడ్డు తగిలిందట. కుండలో చూస్తే నరసింహస్వామి శిలారూపం కనిపించిందట. తరికుండలో వెలసిన స్వామి ఊరే కాలక్రమంలో తరిగొండ అయిందని ప్రతీతి. ఆ లక్ష్మీనరసింహస్వామి ఆలయమే వెంగమాంబ తొలి గురుకులం. తర్వాతి కాలంలో ఆమె ఏ కావ్యం చెప్పినా తరిగొండ నృసింహునీ, తిరుమల వేంకటేశునీ అభిన్నులుగానే భావించి అంకితమిచ్చారు.

ఆడపిల్లకు అక్షరాభ్యాసం అవసరమని తలచని కాలమది. తనకు బాల్యంలో ఓనమాలు కూడా ఎవరూ నేర్పలేదని, ఛందోవ్యాకరణాలు చదువుకోలేదని వెంగమాంబ తన కావ్యపీఠికల్లో స్వయంగా చెప్పుకున్నారు. వినయంతో చెప్పిన మాటగా కొందరు దీన్ని కొట్టివేసినా, ఆనాటి సంఘ పరిస్థితి తెలిసినవారికి అందులో నిజం కనిపిస్తుంది. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశర్మ ఆమెలోని ప్రతిభను గుర్తించి ఉపదేశమిచ్చారు. యోగం, వేదాంతం, కవిత్వం ఆ గురువు వద్దనే ఆమెకు అబ్బాయి.

ముత్తైదువ చిహ్నాలు వీడలేదు

అప్పటి ఆచారం ప్రకారం చిన్ననాటనే ఇంజేటి వేంకటాచలపతితో వివాహం జరిపించారు. కాపురం కుదురుకోకముందే భర్త కాలధర్మం చెందారు. వితంతువుకు శిరోముండనం, తెల్లచీర, బొట్టు గాజుల త్యాగం తప్పనిసరిగా ఉన్న రోజులవి. వెంగమాంబ వాటిని అంగీకరించలేదు. శ్రీవేంకటేశ్వరుడే తన పతి అని, ఆ బంధానికి మరణం లేదని ఆమె నిశ్చయం. తల వెంట్రుకలు తీయించుకోలేదు. కుంకుమ, గాజులు వదలలేదు.

ఊరు ఊరంతా దీనిని ధిక్కారంగా తీసుకుంది. పుష్పగిరి పీఠాధిపతి ఆ ప్రాంతానికి విచ్చేసినప్పుడు పెద్దలు ఆమెపై ఫిర్యాదు చేశారని తరతరాలుగా చెప్పుకొంటున్నారు. స్వామి ఎదుటకు రప్పించి నిలదీసినా ఆమె తొణకలేదని, కత్తిరించినా మళ్లీ మొలిచే కేశాలకు లేని దోషం మనసుకు ఎలా అంటుతుందన్న రీతిలో వాదించారని కథనం. నమస్కరించమని ఆజ్ఞాపిస్తే, స్వామిని పీఠం దిగవలసిందిగా కోరి ఖాళీ ఆసనానికి మొక్కారని, ఆ ఆసనం భగ్గున మండిందని కూడా భక్తులు చెబుతారు. మహిమను నమ్మినా నమ్మకపోయినా, ఒక విషయం స్పష్టం. సుమారు రెండున్నర శతాబ్దాల క్రితం, చదువు నిరాకరించబడిన ఒక యువతి, తన శరీరంపై తీర్పు చెప్పే హక్కును మఠానికి సైతం ఇవ్వలేదు.

తరిగొండలో ఉండగానే ఆమె తరిగొండ నృసింహ శతకం, నృసింహ విలాస కథ, శివనాటకం, బాలకృష్ణ నాటకం, రాజయోగామృతసారం రచించారు. శతకం, యక్షగానం, ద్విపద అనే మూడు ప్రక్రియల్లోనూ ఆమె చేయి తిరిగింది. అయినా సొంత ఊరిలో శాంతి దక్కలేదు. నిందలు భరించలేక ఆమె తిరుమల బాట పట్టారు.

కొండపై తొలి నీడ

ఘాట్‌ రోడ్డు లేని కాలం. మోటారు వాహనాలు నడిచే తొలి ఘాట్‌ రోడ్డు 1944లోను, రెండోది 1974లోను వచ్చాయి. వెంగమాంబ నాటి యాత్రికుడికి కాలిబాటే గతి. అడవి, వన్యమృగాలు, మలేరియా జ్వరాలు కొండపై నివాసాన్ని కఠినం చేసేవి. ఒంటరి స్త్రీకి అది మరీ కష్టం. హథీరాంజీ మఠం మహంతు ఆత్మారామదాసు ఆమెకు ఆశ్రయం కల్పించి, గ్రాసం ఏర్పాటు చేశారని స్థానిక చరిత్రలు చెబుతున్నాయి. ఉత్తరాది బైరాగుల మఠం ఒక తెలుగు కవయిత్రికి నీడనివ్వడం తిరుమల చరిత్రలో చెప్పుకోదగిన ఘట్టం.

అనంతరం తాళ్లపాక అన్నమాచార్యుల వంశీయులు కూడా ఆమెకు బాసటగా నిలిచారని, ఉత్తర మాడవీధి ప్రాంతంలో ఆమె నివాసం, తులసివనం ఏర్పడ్డాయని చెబుతారు. అన్నమయ్య 1503లో పరమపదించారు. రెండున్నర శతాబ్దాల తర్వాత ఆ వంశంవారూ, వెంగమాంబా ఒకే కొండపై కలిసి స్వామిని కొలవడం వల్లనే తిరుమల రాత్రిసేవకు నేటి రూపం వచ్చింది.

కొండ మీద సైతం ఆమెకు ఇరుగుపొరుగు వేధింపులు తప్పలేదు. ఆలయ ప్రవేశానికి కూడా అడ్డంకులు కల్పించారని కథలు ఉన్నాయి. మనుషుల నడుమ ధ్యానం సాగదని తలచి ఆమె తుంబురు కోనకు వెళ్లిపోయారు. తిరుమలకు ఉత్తరాన దట్టమైన శేషాచల అడవిలో, నిలువెత్తు కొండచరియల నడుమ ఉన్న తీర్థమది. ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటి నాడు వేలాది మంది భక్తులు నేటికీ ఆ దారిన నడిచి వెళతారు. అక్కడి గుహలో ఆమె కొన్నేళ్లు తపస్సు చేశారని, ఆమెను బాధించినవారే పశ్చాత్తాపంతో మళ్లీ కొండపైకి ఆహ్వానించారని చెబుతారు.

ముత్యాల హారతి

తిరుమలలో రాత్రి చివరి సేవ ఏకాంతసేవ. స్వామిని ఊయల మంచంపై పవ్వళింపజేసే ఆ వేళ తాళ్లపాక వారి తరఫున లాలి పాట, తరిగొండ వారి తరఫున హారతి సమర్పించడం సంప్రదాయం. పళ్లెంలో ముత్యాలతో స్వామి అవతారాల ఆకృతులు తీర్చి ఇచ్చే ఈ హారతికి ముత్యాల హారతి అని పేరు. రోజంతా రాజోపచారాలు అందుకొన్న దేవుడికి నిద్రకు ముందు అందే చివరి దీపం, ఒకప్పుడు ఊరు వెలివేసిన స్త్రీ పేరిట వెలుగుతోంది. లాలి, హారతులను జంటగా చెప్పుకొనే నానుడి తిరుమల, తిరుపతి వాసులందరికీ పరిచితమే.

ఆమె రచనలు పద్దెనిమిది వరకు ఉన్నట్లు సాహిత్య చరిత్రకారుల లెక్క. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, విష్ణు పారిజాతం, ముక్తికాంతా విలాసం, శ్రీకృష్ణ మంజరి, తత్త్వ కీర్తనలు, అష్టాంగ యోగసారం వాటిలో ముఖ్యమైనవి. వీటిలో వేంకటాచల మాహాత్మ్యం జనంలో బాగా చొచ్చుకుపోయింది. సంస్కృత పురాణాల్లో చెదిరి ఉన్న క్షేత్రకథలు, పద్మావతీ శ్రీనివాసుల కల్యాణగాథ తెలుగు పద్యంలో ఇంటింటి పారాయణగ్రంథంగా మారాయి. కఠినమైన వేదాంతాన్ని ద్విపదలో, యక్షగానంలో చెప్పడం వెనుక ఆమె ఉద్దేశం ఊహించడం కష్టం కాదు. చదువు అందనివారికీ పాట అందుతుంది.

పిడికెడు మెతుకుల వ్రతం

కొండ ఎక్కి అలసిన యాత్రికుడికి ఆ రోజుల్లో అన్నం దొరకడం దుర్లభం. నృసింహ జయంతి వైశాఖంలో, ఎండలు మండే వేళ వస్తుంది. ఆ ఉత్సవ రోజుల్లో వెంగమాంబ యాత్రికులకు అన్నదానం, చలివేంద్రం నిర్వహించారు. ఆమె సంకల్పం విని పలువురు భూములు, ధనం దానం చేశారు. పద్దెనిమిదో శతాబ్ది చివరి దశాబ్దాల నాటి దానపత్రాలు ఇందుకు సాక్ష్యంగా నిలిచాయి. కవయిత్రిగా, యోగినిగా ప్రసిద్ధురాలైన ఆమె, ఆదాయ వ్యయాలు చూసుకొనే నిర్వాహకురాలిగా కూడా రాణించారన్నమాట.

ఇదంతా సాగింది ప్రశాంత కాలంలో కాదు. ఆర్కాటు నవాబు, హైదర్‌ అలీ, టిప్పు సుల్తాన్‌, ఈస్టిండియా కంపెనీ ఈ సీమ కోసం పోరాడిన కాలమది. తరిగొండకు దగ్గరి గుర్రంకొండ కోట చేతులు మారుతూ వచ్చింది. 1800లో నిజాం ఇచ్చిన దత్తమండలాలు, 1801లో ఆర్కాటు రాజ్యం కంపెనీ వశమయ్యాయి. తిరుమల ఆలయ ఆదాయంపైనా కంపెనీ అజమాయిషీ మొదలైంది. అప్పటికి వెంగమాంబకు డెబ్బై ఏళ్లు దాటాయి. ఖజానా లెక్కలు ఎవరి చేతిలో ఉన్నా, ఆమె పెట్టిన విస్తరి ఆగలేదు.

1817లో శ్రావణ శుద్ధ నవమి నాడు ఆమె కొండపైనే సమాధి చెందారు. ఎనభై ఏడేళ్ల జీవితం. ఆ తర్వాత 1843లో ఆలయ నిర్వహణ హథీరాంజీ మఠం మహంతులకు దక్కింది. 1933లో దేవస్థానం కమిటీ పాలన ఆరంభమైంది.

ఇల్లు లేదు.. పేరు ఉంది

భక్తుల రద్దీ పెరిగే కొద్దీ తిరుమల రూపురేఖలు మారక తప్పలేదు. మాడవీధుల విస్తరణకు, ఆలయ పరిసరాల ఖాళీకి బృహత్‌ ప్రణాళిక సిద్ధమైంది. తరాలుగా అక్కడ కాపురమున్న కుటుంబాలు దశలవారీగా బాలాజీనగర్‌కు, తిరుపతికి తరలాయి. ఇరుకు సందులు పోయి వాహనసేవలను వేలాది మంది ఒకేసారి తిలకించే విశాలమైన వీధులు వచ్చాయి. సౌకర్యం పెరిగిందని భక్తులు సంతోషించారు. పుట్టిన ఇంటి గుమ్మం ఎక్కడుందో పిల్లలకు చూపలేకపోతున్నామని పాత తిరుమలవాసులు బాధపడ్డారు. రెండింటిలోనూ న్యాయం ఉంది. వెంగమాంబ సంచరించిన ఉత్తర మాడవీధి ప్రాంతం కూడా ఈ మార్పులో కలిసిపోయింది.

అయితే ఆమె ఆరంభించిన పని మరింత పెద్దదైంది. 1985 ఏప్రిల్‌ 6న అప్పటి ముఖ్యమంత్రి ఎన్‌.టి.రామారావు రోజుకు రెండు వేల మందితో నిత్యాన్నదాన పథకాన్ని ప్రారంభించారు. 2011 జూలైలో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్‌ చేతుల మీదుగా కొత్త భవన సముదాయం ప్రారంభమైంది. దానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. వెయ్యి మంది చొప్పున కూర్చొనే నాలుగు హాళ్లలో ఒకేసారి నాలుగు వేల మంది భోజనం చేసే వీలుంది. 2025 మార్చిలో ఈ భోజనంలో వడ కూడా చేరింది. కులం, భాష, హోదా అడగకుండా అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టే ఈ శాలకు, సొంత ఊరి బంతిలో చోటు దక్కని స్త్రీ పేరు ఉండటం ఎంతో సముచితం.

2009లో నటి మీనా ప్రధానపాత్రలో వెంగమాంబ జీవితం చలనచిత్రంగా వచ్చింది. తిరుపతిలో ఎం.ఆర్‌.పల్లి కూడలిలో ఆమె విగ్రహం వెలసింది. నృసింహ జయంతితో పాటు ఆమె జయంతిని, శ్రావణంలో వర్ధంతిని దేవస్థానం నిర్వహిస్తోంది. 2022 ఏప్రిల్‌ 4 నాటి జిల్లాల విభజనతో ఆమె పుట్టిన తరిగొండ అన్నమయ్య జిల్లాలోకి, ఆమె విశ్రమించిన తిరుమల తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. చిత్తూరు జిల్లావాసులు మాత్రం రెండింటినీ తమవిగానే భావిస్తారు.

అన్నప్రసాద భవనం నుంచి బృందావనం ఉన్న పాఠశాల ఆవరణకు దూరం ఎక్కువేమీ కాదు. దర్శనానికి రోజంతా వేచి ఉండే యాత్రికుడికి అక్కడికి వెళ్లిరావడం భారం కాదు. భోజనం ముగించి, చేయి కడుక్కొని వెలుపలికి వచ్చేవారికి ఆ దారి చూపే ఫలకాలు, ఆమె జీవితాన్ని నాలుగు భాషల్లో తెలిపే పలకలు మరిన్ని ఉంటే మేలు. కొండపై ఏ కట్టడమూ శాశ్వతం కాదని గత అర్ధశతాబ్ది నేర్పింది. పేరు నిలవాలంటే, ఆ పేరు వెనుక మనిషి కథ కూడా వచ్చే తరానికి అందాలి. ఆకలిగా వచ్చినవారికి అన్నం, నిద్రపోయే స్వామికి దీపం వెంగమాంబ ఇచ్చారు. ఆమెకు తిరిగి ఇవ్వగలిగింది ఈ జ్ఞాపకమే.