బిడ్డ కోసం ముందు తల్లికి చదువు

పిల్లవాడు చదువులో వెనకబడితే మనం ముందు వాడినే నిలదీస్తాం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముందు వాడి ఇంటివైపు, వాడి తల్లివైపు చూశారు.

ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధాన్ని వదులుకున్నారు. బడిలో ఆంగ్ల మాధ్యమం పెట్టారని చదువూ మానేశారు. తాను నేర్చుకున్న హిందీని కాకినాడలో ఆడవాళ్లకు నేర్పారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. ఆగిపోయిన చదువును ఆ తరవాత ప్రైవేటుగా అందుకుని, 1942లో మద్రాసులో లా పట్టా పొందారు.

చదువు మధ్యలో ఆగితే ఆడపిల్ల బతుకు ఏమవుతుందో ఆమెకు అనుభవమే. అందుకే మద్రాసులో ఇరుగుపొరుగు ఆడపిల్లలను కూర్చోబెట్టి మెట్రిక్ పరీక్షకు చదివించారు. ఆ చిన్న ప్రయత్నమే 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. చదువుతోపాటు చేతిపని, హాస్టల్, వైద్యం ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి.

రాజ్యాంగ సభలో, స్వాతంత్ర్యం వచ్చాక ప్రణాళికా సంఘంలో పనిచేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. మరుసటి ఏడాది బోర్డు పల్లెల్లో సంక్షేమ కేంద్రాలు తెరిచింది. సుమారు 25 ఊళ్లు కలిపి ఒక ప్రాజెక్టు. పసివాళ్లకు బాలవాడి, గర్భిణులకు వైద్యం, తల్లులకు చేతిపని, అక్షరాలు. బిడ్డకొక పథకం, తల్లికొక పథకం అని విడదీయలేదు. నడిపించే బాధ్యతలో స్థానిక మహిళలకూ చోటిచ్చారు. ఊళ్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు బోర్డు డబ్బు సాయం చేసింది. చదువు ఆపేసిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షకు సిద్ధమయ్యేలా 1958లో సంక్షిప్త కోర్సులు మొదలయ్యాయి.

ఇంటి తగాదాల కోసం వేరే కోర్టులు ఉండాలని కూడా ఆమె పట్టుబట్టారు. 1981లో కన్నుమూశారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది.

మన బళ్లలో ఎందరో తల్లులు ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ, చదవలేరు. వాళ్లు చదువుకున్నది వేరే లిపిలో. బిడ్డ వాచకం తెరిస్తే వాళ్లకు బెరుకు. వాళ్లను సమావేశానికి పిలిచి, మార్కుల చీటీ చేతిలో పెట్టి పంపేస్తున్నాం. వారానికి ఒక సాయంత్రం అదే బల్లల మీద వాళ్లకు అక్షరాలు దిద్దిస్తే? దుర్గాబాయి మద్రాసులో మొదలుపెట్టింది అంత చిన్న పనితోనే. మనమూ అక్కడ నుంచే మొదలుపెట్టవచ్చు.