సైక్లోన్ అనే మాట ఇచ్చిన హెన్రీ పిడింగ్టన్

2018 అక్టోబరు 11 తెల్లవారుజామును ఉద్దానం వారెవరూ మరచిపోలేరు. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలితో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. పెద్దలు వేసిన కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. ఇటువంటి గాలి మునుపెన్నడూ రాలేదని చాలామంది అన్నారు. అయితే మనం చూడకపోవడం వేరు, అసలు రాకపోవడం వేరు. రాలేదని చెప్పాలంటే పాత కాగితం తిరగవేయాలి. ఆ పనికి జీవితం ధారపోసిన ఒక మహనీయుని గురించి మన సభ్యులకు నాలుగు మాటలు చెప్పాలని ఈ ప్రయత్నం.

హెన్రీ పిడింగ్టన్ 1797లో ఇంగ్లండులో జన్మించారు. వర్తక నౌకలలో పనిచేసి, తరువాత సముద్రం కొలువు మాని కలకత్తాలో స్థిరపడ్డారు. అక్కడి ఆర్థిక భూగర్భశాస్త్ర ప్రదర్శనశాలకు క్యూరేటరుగాను, నౌకా ప్రమాదాలను విచారించే న్యాయస్థానానికి అధ్యక్షులుగాను పనిచేశారు.

1838లో విలియం రీడ్ అనే సైనికాధికారి తుఫానుల ధర్మాలపై ఒక గ్రంథం వెలువరించారు. దానిని చదివిన పిడింగ్టన్ దృష్టి బంగాళాఖాతం మీద పడింది. 1839 జూన్‌లో వచ్చిన గాలివానపై తొలి పరిశోధన వ్రాశారు. అదే ఏడు నవంబరులో కాకినాడ చేరువనున్న కోరంగి రేవును ఉప్పెన ముంచెత్తింది. ఆ విపత్తునూ ఆయన పరిశోధించారు. అంతకు ఏభై ఏళ్ళ ముందు, 1789లో, అదే కోరంగిని ముంచిన ఉప్పెన వృత్తాంతాన్ని కూడా తమ గ్రంథంలో చేర్చారు. ఒకే చోటికి ఉప్పెన మళ్ళీ వస్తుందని తెలిసేది ఇలా పాత సంగతిని కొత్త సంగతి పక్కన పెట్టినప్పుడే గదా.

ఆయన పద్ధతి మన కచేరీ పని ఎరిగినవారికి ఇట్టే బోధపడుతుంది. ప్రతి ఓడలోను దినచర్య పుస్తకం ఉంటుంది. ఏ గంటకు ఓడ ఎక్కడున్నది, గాలి ఏ దిక్కునుంచి వీచింది, బారోమీటరు ఎంత దిగింది అన్నవి అందులో వ్రాస్తారు. ఒక ఊరి అడంగల్ చూస్తే ఆ ఊరి పంటే తెలుస్తుంది. అన్ని ఊళ్ళవీ కూడితేనే తాలూకా స్వరూపం తెలుస్తుంది. అలాగే పిడింగ్టన్ అనేక ఓడల పుస్తకాలు తెప్పించి, గాలి దిక్కులను పటం మీద గుర్తించి, తుఫాను నడుమ భాగం ఎక్కడున్నదీ, ఎటు నడిచిందీ తేల్చేవారు. బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఇటువంటి పరిశోధనలు ఇరవైకి పైగా ప్రకటించారు.

1848లో నావికుల కోసం ఒక కరదీపిక వెలువరించారు. చుట్టచుట్టుకున్న పామును స్ఫురింపజేసే గ్రీకు మాటనుండి సైక్లోన్ అనే పేరు కల్పించినది అందులోనే. పటం మీద పెట్టి చూసుకోవడానికి కొమ్ముతో చేసిన పారదర్శకపు రేకులు కూడా ఆ పుస్తకానికి జతచేశారు. మన వైపు తుఫాను గాలి గడియారపు ముళ్ళకు వ్యతిరేకంగా తిరుగుతుంది. గాలికి ఎదురుగా నిలబడితే నడుమ భాగం ఇంచుమించు కుడిచేతి వైపు ఉంటుంది. బారువ తీరాన ఈశాన్యపు గాలి హోరెత్తితే, గండం ఆగ్నేయంలో ఉన్నదన్నమాట.

కలకత్తాకు ప్రత్యామ్నాయంగా మాత్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం తలపెట్టగా, 1853లో ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీ ప్రభువుకు లేఖ వ్రాశారు. ఆ చోటికి ఉప్పెన భయం తప్పదని హెచ్చరించారు. ఎవరూ లెక్కచేయలేదు. పోర్ట్ కానింగ్ పేరుతో రేవు వెలిసింది. 1867 నవంబరులో తుఫాను వచ్చి దానిని దెబ్బతీసింది. కొన్నేళ్ళకే ఆ రేవును వదలివేశారు. తమ మాట నిజం కావడం చూడకుండానే పిడింగ్టన్ 1858లో కలకత్తాలో కన్నుమూశారు.

ఆయనకు ఉపగ్రహాలు లేవు, రాడార్లు లేవు. ఎవరో పేరు తెలియని నావికులు, ఓడ మునుగుతుందో తేలుతుందో తెలియని వేళ కూడా, గంట గంటకు వ్రాసి ఉంచిన నాలుగు అక్షరాలే ఆయన పెట్టుబడి. మనమూ జీవితమంతా రిజిస్టర్లు వ్రాసినవారమే. మందస, వజ్రపుకొత్తూరు, కవిటి ప్రాంతాల సభ్యులకు నా మనవి ఒక్కటే. తిత్లీ నాడు మీ ఊరిలో గాలి ఏ దిక్కున మొదలై ఎటు తిరిగినదీ, ఏ గంటకు తెరిపి ఇచ్చినదీ, నీరు ఎంతవరకు వచ్చినదీ తేదీతో వ్రాసి ఉంచండి. మన మనుమల కాలంలో ఇంకొక పిడింగ్టన్‌కు ఆ కాగితం అక్కరకు రావచ్చు.