సైన్యానికి సీమలు చెల్లించిన నిజాం అలీఖాన్

భివండీ పట్టణం పక్కగా సాగే ఖాడీ పడమటికి పోయి వసయి కోట చెంత సముద్రంలో కలుస్తుంది. మరమగ్గాల పనికై తెలంగాణ పల్లెల నుండి భివండీకి తరలిన మన పద్మశాలి కుటుంబాలకు ఆ కోట దూరమైనది కాదు. పీష్వా రెండవ బాజీరావు 1802 డిసెంబరు 31న ఆంగ్లేయులతో సైనిక సంధి చేసుకొన్నది అక్కడే. అయితే అటువంటి సంధికి నాలుగేండ్ల ముందే తలయొగ్గినవాడు హైదరాబాదు ప్రభువు, రెండవ ఆసఫ్ జా నిజాం అలీఖాన్.

ఈయన మొదటి నిజాముకు నాలుగవ కుమారుడు, 1734లో జన్మించాడు. 1762లో అన్న సలాబత్ జంగును బీదరు కోటలో బంధించి గద్దె నెక్కాడు. రాజధానిని ఔరంగాబాదు నుండి హైదరాబాదుకు మార్చినది ఈయనే. పడమట మరాఠాలు, దక్షిణాన హైదరలీ, తూర్పు తీరాన ఆంగ్లేయులు ఉండగా ఏ తోడూ లేక ఆ రాజ్యం నిలువజాలదు. 1766లో సేనాసాయం, ఏటేటా పైకం ఆశించి ఉత్తర సర్కారులను కంపెనీకి వదిలాడు. మరుసటి యేడే హైదరలీతో కలిసి అదే కంపెనీపై కత్తి దూశాడు. 1768లో మరల రాజీపడ్డాడు. దీనిని చపలత్వమని కొందరు నిందిస్తారు. నలుగురి నడుమ చిక్కినవానికి అంతకన్న వేరు దారి ఉన్నదా అన్నది మా సందేహం.

1790లో మరాఠాలు, ఆంగ్లేయులు, నిజాము ముగ్గురూ టిప్పు సుల్తానుపై ఏకమయ్యారు. 1792 సంధితో కడప మొదలైన సీమలు నిజాముకు దక్కాయి. కాని శత్రువు లొంగిన పిమ్మట ఆ పొత్తు ఎంతకాలం నిలిచింది? చౌతు బకాయిల తగాదాపై 1795 మార్చిలో మరాఠాలే ఖర్డా వద్ద ఆయనను ఓడించారు. మూడవ మిత్రుడైన కంపెనీ తటస్థమని ఊరకుండినది. నిజాము దౌలతాబాదు కోటను ఒప్పగించి, మంత్రి అరస్తూ జాను పూనాకు బందీగా పంపవలసి వచ్చింది.

ఆ అవమానంతో ఫ్రెంచి సేనాని రేమండు దళాలను పెంచాడు. 1798 మార్చిలో రేమండు మరణించాడు. సెప్టెంబరు 1న నిజాము కంపెనీతో సైన్యసహకార ఒడంబడిక చేసుకొన్నాడు: ఆరు పటాలాల సిపాయిలు, ఏటా 24,17,100 రూపాయల ఖర్చు. సుమారు 14 వేల ఫ్రెంచి దళం అక్టోబరులో రద్దయింది.

నగదు ఏటేటా చెల్లించుట భారమే గదా! 1800 అక్టోబరు 12 సంధితో 1792లోను, 1799లోను టిప్పు రాజ్యం నుండి పొందిన సీమలనే సైన్యపు ఖర్చు కింద కంపెనీకి ధారపోశాడు. పొత్తువల్ల వచ్చిన భూమి పొత్తుకే పోయింది. కంపెనీ అనుమతి లేక అన్యరాజులతో మంతనమాడే హక్కు కూడా పోయింది. దానికి బదులుగా మరాఠాల భయం తీరిందన్నదీ నిజమే. ఆ దత్తమండలాలకే 1928లో రాయలసీమ అన్న పేరు వచ్చింది. వాటిలోని బళ్లారి జిల్లా 1953లో చీలి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్లారి పట్టణం మైసూరుకు చేరాయి. సరిహద్దు పల్లెల బంధుత్వాలు ఇరువైపులా మిగిలాయి.

నిజాం అలీఖాన్ 1803 ఆగస్టు 6న మరణించాడు. సమాధి హైదరాబాదు మక్కా మసీదులో ఉన్నది. ఆ నెలలోనే కంపెనీ మరాఠాలపై యుద్ధానికి దిగింది. హైదరాబాదు సీమల రాబడితో పోషింపబడిన సహకార సైన్యం కూడా అందులో నడిచింది.